మల్టీజెట్ పోయిన వైనం

ఆ ఇంజిన్‌ను తలచుకుని ఏడవాలంటే ముందు ఏ పేరు పెట్టి ఏడవాలో తేల్చుకోవాలి. ఫియట్ వాళ్ళు మల్టీజెట్ అన్నారు, మారుతి వాళ్ళు డీడీఐఎస్ అన్నారు. టాటా వాళ్ళు క్వాడ్రాజెట్ అని, షెవర్లే వాళ్ళు స్మార్టెక్ అని రాసుకున్నారు. తెలంగాణలోని బాన్సువాడలో దానికి విడిగా పేరే లేదు. స్విఫ్ట్ డీజిలు, డిజైర్ డీజిలు, విస్టా డీజిలు, అంతే. బానెట్ ఎత్తితే అన్నిటిలోనూ ఒకటే ఇంజిన్: 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా దాన్ని ‘నేషనల్ ఇంజిన్’ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ ముద్దు 2020 మార్చి 31తో తీరిపోయింది.

అసలు ఆ వంశమే అచ్చిరాని వంశం. డీజిల్‌ను ఒకే ఉమ్మడి గొట్టంలో విపరీతమైన ఒత్తిడితో నిలవుంచి, కంప్యూటర్ చెప్పిన క్షణాన చెప్పినంత వదిలే కామన్ రైల్ పద్ధతిని కార్లకు పనికొచ్చేలా మలిచింది ఫియట్ ఇంజినీర్లు. చేతిలో డబ్బు ఆడక ఫియట్ 1990ల్లో ఆ విద్యను జర్మనీ బాష్‌కు అమ్ముకుంది. 1997లో ఆల్ఫా రోమియో 156తో అది రోడ్డెక్కింది, సంపాదన మాత్రం బాష్ ఇంటికి చేరింది. అయినా ఫియట్ ఊరుకోలేదు. 2003లో ఈ చిన్న మల్టీజెట్‌ను కన్నది. 2005లో అది తన తరగతిలో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అనిపించుకుంది. 2007 జనవరిలో స్విఫ్ట్ కడుపున పడి మన దేశం వచ్చింది. మారుతికి మానేసర్‌లో, టాటా-ఫియట్‌లకు పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో తయారైంది.

బాన్సువాడ చుట్టుపక్కల అది నిలదొక్కుకున్నది గొప్పతనం వల్ల కాదు, బంకు దగ్గరి లెక్క వల్ల. 2012 నడుమ ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 లోపే ఉంది. నిజాంసాగర్ ఆయకట్టు కింద వడ్లమ్మిన పైసలు, దుబాయి నుంచి కొడుకులు పంపిన పైసలు తెల్ల డిజైర్లయ్యాయి. బోధన్‌కు, కామారెడ్డికి, నిజామాబాద్ ఆస్పత్రులకు, గల్ఫ్ పోయేవాళ్ళను దింపడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు అవే తిరిగాయి. ఎక్కువ తిరిగే బండి ఎక్కువసార్లు షెడ్డుకొస్తుంది. అలా వచ్చే బండి మీదే కుర్రాళ్ళు పని నేర్చుకుంటారు.

ఈసారి నేర్చుకున్న పని వేరు. పాత డీజిల్ పంపుకు స్క్రూ ఉండేది. తిప్పితే డీజిల్ పెరిగేది. జీపులు విప్పిన ఉస్తాద్‌లు చప్పుడు విని, పొగ రంగు చూసి తిప్పేవాళ్ళు. మల్టీజెట్‌లో ఆ స్క్రూ లేదు. దాని బదులు ఈసీయూ అనే అల్యూమినియం డబ్బా ఉంది, బండి కంప్యూటర్ అదే. మాగ్నెటి మారెల్లి, సుజుకి, మారుతి కలిసి పెట్టిన కంపెనీ మానేసర్‌లోనే దాన్ని తయారుచేసింది. షెడ్డులో అంతదాకా పెద్దరికం వయసుది. ల్యాప్‌టాప్ వచ్చాక అది కొంత కుర్రాళ్ళ చేతికి జారింది, ఉస్తాద్‌లకు అది నచ్చిందని చెప్పలేను.

ఆ డబ్బాలోని లెక్కలను ల్యాప్‌టాప్‌తో మార్చి పికప్ పెంచడమే రీమ్యాప్. దాని మొదటి పాఠంలో పికప్ మాటే ఉండదు. స్టీరింగ్ కింది సాకెట్‌కు కేబుల్ పెట్టి, డబ్బాలో ఉన్నది ఉన్నట్టు చదివి, రెండు చోట్ల దాచుకోవాలి. మళ్ళీ ఎక్కించే ముందు బ్యాటరీకి చార్జర్ తగిలించాలి. సగం రాస్తుండగా వోల్టేజీ పడిపోయిందా, డబ్బా చచ్చినట్టే. బండి స్టార్ట్ కాదు. డబ్బా విప్పి బల్లమీద పెట్టి, బూట్ మోడ్‌లో ప్రాణం పోయడానికి నిజామాబాదో హైదరాబాదో మోయాలి.

రెండో పాఠం చాలామందికి ఎక్కలేదు. యాక్సిలరేటర్‌కూ డీజిల్‌కూ నేరుగా సంబంధం లేదు. తొక్కితే అది ఒక కోరిక మాత్రమే. కంప్యూటర్ ఆ కోరికను టార్క్‌గా మారుస్తుంది. గేర్‌బాక్స్ ఓర్చుకోగల హద్దుతో పోల్చి కత్తిరిస్తుంది. ఆ తర్వాత లోపలికి వస్తున్న గాలి ఎంతో చూస్తుంది. ఇక్కడుండే టేబుల్ పేరు స్మోక్ లిమిటర్. గాలికి తగ్గట్టు డీజిల్ ఎంత మించకూడదో అందులో గడి గడికీ రాసి ఉంటుంది.

ఆ టేబుల్‌లో ఒక గడిని దగ్గర్నుంచి చూద్దాం. 1248ని నాలుగుతో భాగిస్తే సిలిండర్‌కు 312 సీసీ. టర్బో ఇంకా లేవకముందు అందులో పట్టే గాలి దాదాపు 370 మిల్లీగ్రాములు. ఒక పాలు డీజిల్‌కు పద్దెనిమిది పాళ్ళ గాలి అనుకుంటే 20 మిల్లీగ్రాములకు మించి శుభ్రంగా కాలదు. టర్బో లేచి గాలి 700కు చేరితే దాదాపు 39 దాకా పోవచ్చు. ఇది నా కాగితం లెక్కే గానీ తీరు ఇదే. స్విఫ్ట్ డీజిల్ 2000 ఆర్‌పీఎం లోపు మొద్దుగా, దాటగానే లేడిలా ఉరకడానికి కారణం ఆ గాలి తేడాయే. 190 న్యూటన్ మీటర్ల టార్క్ కూడా సరిగ్గా 2000 దగ్గరే.

కొత్తగా నేర్చుకున్నవాడి చెయ్యి నేరుగా ఆ మొద్దు గడి మీదికే పోతుంది. 20 ఉన్నచోట 28 అని కొడతాడు. బండి కిందినుంచే లాగుతుంది, ఓనరు మురిసిపోతాడు. కాలని డీజిల్ మసై వెనక నల్లగా లేస్తుంది. పెట్రోలు బండిలో ఇంధనం కాస్త ఎక్కువైతే లోపల చల్లబడుతుంది. డీజిల్‌లో తిరకాసు, ఎక్కువైన కొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడి టర్బోకు, మసి పొగను మళ్ళీ ఇంజిన్‌లోకి తిప్పే ఈజీఆర్‌కు, అదనపు టార్క్ క్లచ్ ప్లేట్లకు.

“పొగ గొడ్తుందంటే పవర్ వచ్చినట్టు కాదుర. డీజిల్ బయట పారవోస్తున్నట్టు” అని ఒక ఉస్తాద్ అరవడం విన్నాను. టేబుల్ చూడకుండానే టేబుల్‌లో ఏముందో చెప్పాడాయన.

ఇంతలో పతనం పైనుంచి మొదలైంది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది, పెట్రోలుతో తేడా కరగడం మొదలైంది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ దొంగతనం అమెరికాలో బయటపడింది. పరీక్ష జరుగుతోందని ఈసీయూయే పసిగట్టి అంతసేపు బుద్ధిగా ఉండేలా ప్రోగ్రాం రాశారు. ప్రపంచమంతటా కోటీ పది లక్షల బండ్లు అలాంటివే. మన దేశంలోనూ మూడు లక్షల ఇరవై మూడు వేలకు పైగా వెనక్కి పిలిచారు. మన కుర్రాడు వదిలిన పొగ ఊరందరికీ కనబడింది. వాళ్ళు వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లు కంటికి కనబడేవి కావు. పాపం ఎవరిది పెద్దదో నేను చెప్పనక్కర్లేదు గానీ, మన వాడిది అమాయకత్వమని కూడా అనను. అనుమతి లేకుండా బండిని మారిస్తే ఓనరుకు ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ తెచ్చారు. రీమ్యాప్ వ్యాపారం నీడలోనే పుట్టింది, నీడలోనే నడిచింది.

చివరి దెబ్బ బీఎస్ 6 కాలుష్య నిబంధనలు. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్లు 0.25 గ్రాముల నుంచి 0.08కి, మసి 0.025 నుంచి 0.0045కు తగ్గాలి. మధ్యలో బీఎస్ 5 మెట్టే లేకుండా ఒక్క దూకు. అందుకు కావలసిన ఫిల్టర్లూ శుద్ధి సామగ్రీ పెడితే చిన్న కారు ధర చిన్న కారులా ఉండదు. 2019 ఏప్రిల్‌లో మారుతి చైర్మన్ ఆర్.సి. భార్గవ డీజిల్ మానేస్తున్నామని చెప్పేశారు. అప్పటికే షెవర్లే 2017 చివరికల్లా మన మార్కెట్ వదిలి పోయింది. ఫియట్ పుంటో, లీనియా కథ ముగిసింది. ఆ ఇంజిన్‌కు కూడు పెట్టిన ఇళ్ళు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. గాలి కోసం దాన్ని ఆపడం న్యాయమే. అయినా పని నేర్పిన బండి పోతే షెడ్డుకు దిగులు తప్పదు. తర్వాత వచ్చిన ఈసీయూల తాళాలు అంత తేలిగ్గా తెరుచుకోవు.

ఆఖరి బండ్ల రిజిస్ట్రేషన్లు 2035 దాకా ఉన్నాయి కాబట్టి శవయాత్ర నిదానంగా నడుస్తోంది. ఈ మధ్య షెడ్డుకు ఒక 2019 డిజైర్ వచ్చింది, మూడు చేతులు మారిన బండి. పొగ పోగొట్టమని ఓనరు బతిమాలాడు. కుర్రాడు ఫైలు చదివి, తన దగ్గరున్న ఒరిజినల్‌తో గడి గడికీ పోల్చాడు.

“ఎవడో గానీ పొగ టేబుల్ ఒక్కటే పెంచిండన్నా. మిగతాది ముట్టలే.”

“ఒరిజినల్ ఎక్కియ్యి మరి.”

“ఎక్కిస్త. పోయిన టర్బో రాదు గద.”

ఓనరు టర్బో ధర అడిగాడు. విన్నాక, బండి ఇట్లనే అమ్మితే ఎంతొస్తుందని అడిగాడు.