తేలని ఓడలు

విశాఖపట్నంలో నీటిమీద తేలని ఓడలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు సర్కార్స్, మరొకదాని పేరు శాతవాహన. రెండింటికీ ముందు ఐ.ఎన్.ఎస్., అనగా భారత నౌకాదళపు ఓడ, అన్న మాట ఉంటుంది. చూడబోతే అవి నేలమీది కట్టడాలు. మరి వాటికి ఓడలని పేరెందుకు వచ్చింది?

ఈ ఆచారానికి మూలం ముసలి ఓడలలో ఉంది. ఆంగ్లేయుల నౌకాదళంలో ప్రతి నావికుని పేరూ ఏదో ఒక ఓడ పట్టీలో ఉండితీరాలి. యుద్ధానికి పనికిరాని ఓడను రేవులో లంగరు వేసి నిలిపి, దానినే పాఠశాలగా మార్చేవారు. 1830లో పోర్ట్స్‌మత్ రేవులో ఎక్సెలెంట్ అనే ఓడమీద ఫిరంగి విద్య అలాగే మొదలైంది. తరువాత బడి గట్టెక్కింది. ఓడ పోయినా పేరు నిలిచింది.

ఆ సంప్రదాయమే మన తీరానికీ వచ్చింది. 1939లో ఏర్పడిన సర్కార్స్‌కు ఉత్తర సర్కారుల పేరు పెట్టారు. 1947 విభజనలో కరాచీలోని బాలనావికుల శిక్షణాలయం పాకిస్తాన్ పాలు కాగా, ఆ బాధ్యత విశాఖకు వచ్చింది. 1980లో ఒడిశాలోని చిలికా తీరాన కొత్త కేంద్రం వెలసేవరకు, మీసాలు రాని పిల్లలు ఇక్కడే నావికులయ్యారు. 1974లో జలాంతర్గామి విద్యకై శాతవాహన వెలసింది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు తెరచాపకొయ్యల ఓడ ముద్ర ఉన్నది కనుక ఆ పేరు సార్థకమే.

అయితే గట్టుమీది చదువు ఒక ఎత్తు, అలలమీది చదువు ఒక ఎత్తు. ఆ రెండవదానికి మళ్ళీ ముసలి ఓడలే దిక్కు. 1943నాటి కిస్ట్నా అనే యుద్ధనౌక స్వాతంత్ర్యానంతరం కృష్ణ అన్న అసలు పేరు పొంది, కడపటి దశలో శిక్షణ నౌకగా పనిచేసి, 1981లో విరమించింది. 1982 ఫాక్లండ్ యుద్ధంలో పాల్గొన్న బ్రిటిష్ వారి ఆండ్రోమిడాను 1995లో కొని, దానికీ కృష్ణ అనే పేరు పెట్టారు. అది కొచ్చి కేంద్రంగా 2012 దాకా శిష్యులను సముద్రం మీద తిప్పింది.

1969 నుండి 2001 వరకు సేవ చేసిన కురుసుర జలాంతర్గామిని 2002 నుండి మన సాగరతీరంలో చూస్తున్నాము. ఆ భాగ్యం రెండు కృష్ణలలో దేనికీ దక్కలేదు. కాపాడిన ఓడను దాచుకున్నాము, చదువు చెప్పిన ఓడలను మరచిపోయాము. వాటికి మిగిలిన గుర్తు గట్టుమీది బడికి ఇంకా అంటిపెట్టుకొని ఉన్న ఓడ అనే మాట ఒక్కటే. పిల్లలకు కురుసురను చూపించే పెద్దలు ఆ మాట వెనుక కథను కూడా చెబితే బాగుంటుంది.