బ్రౌన్ షూస్ వేసుకొస్తే ఉద్యోగం ఇవ్వరా? మగవాళ్ల షూ రంగుల వెనక కథ

ఈ రోజు ఎపిసోడ్ మన కాళ్ల గురించి. అవును, కాళ్ల గురించే.

ముందు మా హాస్టల్ సంగతి ఒకటి చెప్తాను. ఫైనల్ ఇయర్‌లో క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ వచ్చినప్పుడు మా ఫ్లోర్ మొత్తానికి మంచి నల్ల షూస్ మూడే జతలు. ఎనిమిదో నంబర్ కాళ్లున్నవాళ్లు అదృష్టవంతులు. ఒకడు ఇంటర్వ్యూ అయ్యి బయటికి రాగానే, ఇంకొకడు అవే తొడుక్కుని లోపలికి వెళ్లేవాడు. నాది తొమ్మిది. వేళ్లు ముడుచుకుని ఆ ఎనిమిదిలోనే దూర్చాను. నా దగ్గర షూస్ లేక కాదు, అక్క పెళ్లికి కొన్న బ్రౌన్ షూస్ ఉన్నాయి. సీనియర్ ఒకాయన చూసి, "ఒరేయ్, ఇంటర్వ్యూకి బ్రౌన్ ఏంట్రా?" అన్నాడు. ఎందుకు వద్దో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. కానీ భయపడ్డాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక వార్త చదివి ఆగిపోయాను. 2016 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో సోషల్ మొబిలిటీ కమిషన్ అనే సంస్థ ఒక రిపోర్ట్ బయటపెట్టింది. లండన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో ఎవరికి ఉద్యోగాలు వస్తున్నాయి, ఎవరికి రావట్లేదు అన్నది దాని విషయం. అందులో తేలిందేంటంటే, చదువులో ముందున్న పేదింటి పిల్లలు కూడా చిన్న చిన్న "తెలియని" రూల్స్ దగ్గర తప్పిపోతున్నారు. వాటిలో ఒకటి, సూట్ మీద బ్రౌన్ షూస్ వేసుకురావడం. ఇంకో అబ్బాయికి ఇంటర్వ్యూలో చెప్పారట, నువ్వు తెలివైనవాడివే కానీ నీకు "పాలిష్" సరిపోలేదు, ఆ టై మరీ గోలగా ఉంది అని!

అంటే మా సీనియర్ చెప్పింది ఉత్తి మాట కాదన్నమాట. మరి ఈ రూల్ ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? పదండి, వెనక్కి వెళ్దాం.

మొదట ఒక షాక్. ఒకప్పుడు యూరప్‌లో అందరికంటే గొప్ప మగాడు వేసుకున్నవి ఎర్ర హీల్స్! ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ బొమ్మ ఒకటి ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1701లో రిగో అనే చిత్రకారుడు వేశాడు. ఫోన్‌లో వెతికి చూడండి. తెల్ల మేజోళ్లు, కాలు ముందుకు చాపి నిలబడిన తీరు, షూస్‌కి ఎర్ర మడమలు. ఆయన దర్బారులో ఎర్ర మడమలు పెద్దింటివాళ్ల గుర్తు. ఆ కాలంలో మంచి ఎరుపు రంగు చాలా ఖరీదు, మెక్సికో నుంచి తెచ్చిన పురుగుల్ని ఎండబెట్టి తీసేవారు. అసలు హీల్ అనేదే మగవాళ్ల వస్తువు. పర్షియా గుర్రపు రౌతులు రికాబులో కాలు నిలవడానికి వాడారు, అక్కణ్ణుంచి యూరప్ నేర్చుకుంది.

మరి ఆ రంగులన్నీ ఏమయ్యాయి? 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. పట్టుబట్టలు, వెండి బకిల్స్ వేసుకుని వీధిలోకి వెళ్తే ప్రాణం మీదికి వచ్చే రోజులు. ఇంగ్లండ్‌లో కూడా షూస్‌కి బకిల్స్ పోయి లేసులు వచ్చాయి. దాంతో పొట్ట కొట్టుకుపోయిన బర్మింగ్‌హామ్ బకిల్ తయారీదారులు 1791లో యువరాజు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు, మీరైనా బకిల్స్ వేసుకోండి ప్రభూ అని. యువరాజు వేసుకున్నా ఫలితం లేదు. ఫ్యాషన్ మారితే మొదట దెబ్బ తగిలేది వేసుకునేవాడికి కాదు, చేసేవాడికి. ఇది గుర్తుపెట్టుకోండి.

అప్పుడే లండన్‌లో బ్రమ్మెల్ అని ఒకాయన వచ్చాడు. 1778లో పుట్టాడు. రాజవంశం కాదు. ముదురు రంగు కోటు, తెల్ల చొక్కా, చక్కగా కట్టిన మెడ గుడ్డ, మెరిసే బూట్లు. అంతే! బూట్లకి షాంపేన్‌తో పాలిష్ పెట్టేవాడని అప్పట్లో చెప్పుకునేవారు. గొప్పతనం రంగులో కాదు, కుట్టులో, శుభ్రతలో ఉందని ఆయన చూపించాడు. చివరికి అప్పులపాలై 1816లో ఫ్రాన్స్‌కి పారిపోయాడు, 1840లో అక్కడే దిక్కులేకుండా పోయాడు. మనిషి పోయాడు, ఆయన పెట్టిన పద్ధతి మాత్రం ఇప్పటికీ ప్రతి ఆఫీసులో ఉంది. మగవాళ్లు రంగుల్ని ఇలా వదిలేసుకోవడాన్ని ఫ్లూగెల్ అనే సైకాలజిస్ట్ 1930లో "మగవాళ్ల మహా త్యాగం" అన్నాడు.

ఇక మన బ్రౌన్ విషయానికి వద్దాం. పంతొమ్మిదో శతాబ్దపు లండన్ అంటే బొగ్గు పొగ, మసి. నల్ల కోటు, నల్ల బూటు అయితే మసి కనపడదు. బ్యాంకు, కోర్టు, ఆఫీసు అంటే నలుపే. మరి బ్రౌన్? అది పల్లెటూళ్లో ఎస్టేట్లున్న దొరల రంగు. వేటకి, గుర్రపు స్వారీకి, బురదలో నడకకి. శని, ఆదివారాలు వేసుకునేది. అందుకే "పట్నంలో బ్రౌన్ వద్దు" అనే మాట పుట్టింది. సోమవారం ఆఫీసుకి బ్రౌన్ వేసుకొస్తే, వీడికి పని మీద ధ్యాస లేదు, లేదా వీడికి పద్ధతి తెలీదు అని అర్థం. గమనించారా? రూల్ షూస్ గురించి కాదు. ఎవడు మనవాడు, ఎవడు బయటివాడు అని కనిపెట్టడం గురించి.

ఇక్కడ చిన్న సైన్స్. తోలుకి బ్రౌన్ రంగు ఎక్కడిది? చెట్టు బెరడుతో ఊన్చితే తోలుకి గోధుమ రంగు వస్తుంది. మన దక్షిణాదిలో దానికి వాడింది ఏంటో తెలుసా? తంగేడు చెక్క! బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, అదే చెట్టు. తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊన్చిన తోళ్లు మద్రాసు నుంచి ఓడల్లో లండన్ వెళ్లేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్లకి కూడా ఆ తోళ్లు వెళ్లాయి. ఆ తోలుకే ఇనుము నీళ్లు తగిలితే నల్లగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత గీస్తారు చూడండి, అదే కెమిస్ట్రీ. అంటే "బ్రౌన్ వద్దు" అన్న దొర కాలికి ఉన్న తోలు మన దగ్గర ఊన్చిందే అయ్యుండొచ్చు!

మరి మన దేశంలో షూస్ కథ ఏంటి? ఇక్కడ అది ఫ్యాషన్ కాదండీ, గొడవ. 1823 నుంచి 1828 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న ఆమ్‌హర్స్ట్, తన ముందుకు వచ్చే భారతీయులు చెప్పులు విప్పి రావాలన్నాడు. మన ఇళ్లలో, గుళ్లలో విప్పుతాం కదా, ఆ మర్యాదని తీసుకెళ్లి ప్రభుత్వానికి అంటగట్టారు. డల్హౌసీ కాలానికి ఇంకా గట్టిగా అమలు చేశారు. కానీ యూరోపియన్ డ్రెస్ వేసుకుంటే విప్పక్కర్లేదు! అంటే మన జోడు వేసుకుంటే విప్పాలి, వాళ్ల బూటు వేసుకుంటే లోపలికి రావచ్చు.

1862లో సూరత్ కోర్టులో మానెక్‌జీ కోవాస్‌జీ ఎంటీ అనే అసెసర్ నేను విప్పను అన్నాడు. విప్పడమే మీ పద్ధతి కదా అని జడ్జి పట్టుబట్టాడు. ఈయనా దిగలేదు. కోర్టులోకి రానివ్వలేదు. ఆయన ఊరుకోకుండా బొంబాయి గవర్నర్‌కి ఉత్తరం రాశాడు. కాలికి ఏం వేసుకోవాలో ఇంకొకడు చెప్పకూడదని, అంతే ఆయన పట్టుదల.

ఆగండి, దొరల్ని మాత్రమే తిట్టి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇదే కాలంలో, ఆ తర్వాత కూడా, మన ఊళ్లలోనే పెద్ద కులాల వీధిలోంచి వెళ్లేటప్పుడు దళితులు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చేది. తోలు ఊన్చింది వాళ్లే, చెప్పు కుట్టింది వాళ్లే. తొడుక్కుని నడవడానికి మాత్రం హక్కు లేదు. దొర కోర్టులో జరిగింది మనకి అవమానం అయితే, మన వీధిలో జరిగింది ఏంటి?

ఇది తెలిశాక అంబేడ్కర్ విగ్రహం వేరేగా కనిపిస్తుంది. మన ఊళ్లలో ఏ సెంటర్‌లో చూసినా ఆయన కోటు, టై, కాళ్లకి బూట్లతోనే ఉంటారు. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో పెట్టిన 125 అడుగుల విగ్రహాలూ అంతే. గాంధీగారు 1931లో లండన్‌లో రాజుని కలవడానికి పంచె, శాలువా, చెప్పులతో వెళ్లారు. ఒకరు సూట్ విప్పి మాట్లాడారు, ఒకరు సూట్ తొడిగి మాట్లాడారు. ఇద్దరూ చెప్పింది ఒకటే, మేము ఎలా కనపడాలో మీరు నిర్ణయించకండి అని. కాకపోతే విప్పడం అనేది ముందే ఉన్నవాడికి కుదురుతుంది. చెప్పులే చేత్తో పట్టుకోవాల్సి వచ్చినవాళ్లకి బూటు తొడగడమే పోరాటం.

స్వాతంత్ర్యం వచ్చాక ఏమైంది? రూల్స్ పోలేదు, మన చేతికి వచ్చాయి. స్కూల్లో వారమంతా నల్ల షూస్, శనివారం తెల్ల కాన్వాస్. తడిసిన సుద్దముక్క రుద్ది ఎండబెట్టుకున్న బ్యాచ్ ఎంతమంది ఉన్నారు ఇక్కడ? తర్వాత సినిమా వచ్చి తెల్ల షూస్‌ని హీరోల రంగు చేసేసింది. జితేంద్ర తెల్ల షూస్ తెలుసుగా? 1983లో ఆయనకి పెద్ద హిట్ ఇచ్చిన హిందీ హిమ్మత్‌వాలా తీసింది మన రాఘవేంద్రరావుగారే, కృష్ణగారి ఊరుకి మొనగాడుకి రీమేక్.

ఇప్పుడైతే పెళ్లి రిసెప్షన్లు చూడండి. నీలం సూట్, కింద టాన్ షూస్. ఒకప్పుడు లండన్ బ్యాంకులో తప్పు, మన ఫంక్షన్ హాల్లో అదే గ్రాండ్. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో స్నీకర్స్. రూల్స్ అయిపోయాయా మరి? 2014లో చెన్నైలో పంచె కట్టుకున్నందుకు ఒక హైకోర్టు జడ్జినే క్లబ్‌లోకి రానివ్వలేదు. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఏకంగా చట్టం చేసి అలాంటి నిషేధాలు కుదరవంది. జడ్జిగారు కాబట్టి చట్టం వచ్చింది. మామూలు మనిషి అయితే? ఇంటికి వెళ్లిపోయేవాడు.

సరే, చివరికి మీ ప్రశ్న నాకు తెలుసు. "అన్నా, ఇంతకీ ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలి?" నిజం చెప్తాను. ఉద్యోగం అవసరం ఉన్నప్పుడు నల్ల షూస్ వేసుకెళ్లండి. రూల్ మంచిదని కాదు, మీ చదువు గురించి మాట్లాడాల్సిన ఇరవై నిమిషాలు షూస్ మీద పోకూడదని. లేకపోతే ఫ్రెండ్‌ని అడిగి తీసుకోండి, సిగ్గేం లేదు, నేనూ అంతే.

కానీ రేపు మీరే టేబుల్‌కి అవతల కూర్చుంటారు చూడండి, అప్పుడు ఈ ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా ఒక పిల్లాడు బ్రౌన్ షూస్‌తో వస్తాడు. అక్క పెళ్లికి కొన్నవి అయ్యుంటాయి. అతని దగ్గర ఉన్న ఒక్క మంచి జత అదే అయ్యుంటుంది. కాళ్ల వైపు చూడకండి. మొహం చూసి ప్రశ్న అడగండి.

మీ ఇంట్లో చెప్పుల గురించి, షూస్ గురించి తాతయ్యలు, నానమ్మలు చెప్పిన సంగతులుంటే రాసి పంపండి. ఉంటాను మరి, నమస్తే.