మన గుమ్మం దాకా వచ్చిన చెన్నపట్నం మేడ

చెన్నపట్నం వెళ్ళొచ్చిన పాతకాలం వాళ్ళని ఏమేం చూశారని అడిగితే సముద్రం, లైట్‌హౌసు, పార్థసారథి స్వామి గుడి, చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ అని వరసగా చెప్పేవారు. చచ్చిన కాలేజీ అంటే మ్యూజియం, బతికిన కాలేజీ అంటే జంతు ప్రదర్శనశాల. పోస్టాఫీసు చూశామని మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. కానీ నాకు తెలిసి ఆ ఊళ్ళోని పెద్ద మేడలన్నిటిలోనూ మన గోదావరి, కృష్ణా జిల్లాల ఆడవాళ్ళకి నిజంగా పనికొచ్చినది అదే. మనం దాని దగ్గరికి వెళ్ళలేదు. అదే మన గుమ్మాల్లోకి వచ్చింది. ఈసారి దాని కథ చెప్పుకుందాం.

చెన్నై బీచ్ స్టేషన్‌లో దిగి రాజాజీ సాలై మీదకి వస్తే ఎర్ర రంగులో, రెండు పెద్ద బురుజులతో కనిపిస్తుంది ఆ జనరల్ పోస్టాఫీసు. ఒకవైపు హార్బరు, రెండోవైపు జార్జిటౌను సందులు. పిన్‌కోడు 600001.

ఆ ఊళ్ళో తపాలా కచేరి మొదలైంది మాత్రం ఈ మేడలో కాదు. 1786 జూన్ 1న కోటలో, అంటే సెయింట్ జార్జి కోటలో, కుంపిణీవారు మొదలుపెట్టారు. మొదట్లో ఉత్తరం ఖరీదు దూరాన్నిబట్టి ఉండేది. ఎంత దూరమైతే అంత ఎక్కువ. అందుకని వర్తకులకీ, దొరలకీ తప్ప మామూలు సంసారాలకి దానితో పని పడేది కాదు. 1854లో పద్ధతి మారింది. దేశమంతటికీ స్టాంపులు వచ్చాయి. తేలికపాటి ఉత్తరం పక్క ఊరికైనా, దేశం ఆ చివరికైనా అర అణా. ఆ తర్వాత రెండేళ్ళకే, 1856లో, కచేరీని కోటలోంచి ఊళ్ళోకి, పోఫమ్స్ బ్రాడ్‌వేలోని ఒక బంగళాకి మార్చారు. అదీ చాలక సముద్రపు ఒడ్డున కొత్త భవనం తలపెట్టారు. 1884 ఏప్రిల్లో కచేరి అందులోకి వచ్చింది.

కట్టించిన ఇంజనీరు రాబర్ట్ చిషోమ్. మదరాసు యూనివర్సిటీ సెనేట్ హౌసు, ప్రెసిడెన్సీ కాలేజీ కూడా ఆయన గీసిన నమూనాలే. ఇంగ్లీషు వాళ్ళ గోడలకి మన కమానులూ, కేరళ గుళ్ళ కప్పుల పోలికలూ కలిపి కట్టడం ఆయనకి ఇష్టం. ఈ పోస్టాఫీసు పొడవు 350 అడుగుల పైన, బురుజుల ఎత్తు 125 అడుగులు. అయిన ఖర్చు 6,80,000 రూపాయలు. ఆ రోజుల రూపాయలండీ అవి.

ఉత్తరాలు విడదీసుకోవడానికి ఇంత మేడ ఎందుకా అని నాకు చాలాకాలం అనుమానంగా ఉండేది. తపాలా చరిత్రలోని తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసింది. 1877లో వీపీపీ వచ్చింది. 1879లో పోస్టుకార్డు వచ్చింది, పావు అణాకి, అంటే మన పెద్దవాళ్ళ లెక్కలో ఒక కానీకి. 1880లో మనియార్డరు పని పోస్టాఫీసుకి అప్పగించారు. 1882లో సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. ఆ మేడ లేస్తున్న ఏళ్ళలోనే పోస్టాఫీసు అంటే ఉత్తరాల కొట్టు అనే రోజులు పోయి, అదే బ్యాంకు, అదే అంగడి, అదే ఊరికీ ఊరికీ మధ్య మనిషి అయింది. ఆ పనులన్నిటికీ జనం వచ్చి నిలబడాలంటే హాలు పెద్దదే కావాలి మరి.

ఇక అక్కడినుంచి మన వైపుకి తపాలా ఎలా వచ్చేదో చూడండి. చెన్నైకీ ఏలూరుకీ దాదాపు 500 కిలోమీటర్లు. రైలు రాకముందు తపాలా బంట్రోతులు ఈటెకి గజ్జెలు కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, మజిలీ మజిలీకి మనిషి మారుతూ పరుగెత్తేవారు. మనుషులూ, ధాన్యమూ కాలవల్లో పడవల మీద వెళ్ళేవి. 1890ల్లో మన వైపు రైలు పట్టాలు పడ్డాయి. 1899కి బెజవాడ నుంచి మదరాసుకి నేరుగా దారి దొరికింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. దాంతో మదరాసు నుంచి కలకత్తా దాకా ఒకటే దారి. ఆ దారి మీదే ఏలూరు, ఆ దారి మీదే మా తాడేపల్లిగూడెం. స్టేషనులో సంచి దిగితే, అక్కడినుంచి పల్లెలకి నడిచివెళ్ళే పోస్టుమాన్‌లు. కొల్లేటి లంకల్లో వర్షాకాలం వస్తే నడక కూడా లేదు, దోనె కట్టాల్సిందే.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఆ మేడ చుట్టూ ఉన్న వీధులు. ఎస్ప్లనేడులో వావిళ్ళ వారి పుస్తకాలు. తంబుచెట్టి వీధిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక. బొంబాయిలో 1908లో మొదలైన ఆ పత్రిక 1914లో మదరాసు వచ్చి దినపత్రికయింది. 1924 నుంచి భారతి. వాళ్ళ అమృతాంజనం సంగతి చెప్పక్కర్లేదు, తలనొప్పి ఎరగని ఆడది ఉంటే కదా! జార్జిటౌను అంగళ్ళ కట్టలకి దగ్గరి పెద్ద కచేరి అదే. అక్కడ ముద్ర పడిన భారతం నాలుగో రోజుకో ఐదో రోజుకో మన అరుగు మీద ఉండేది.

ఇక్కడే వీపీపీ మహిమ. బజారుకి వెళ్ళక్కర్లేదు, పుస్తకాల షాపువాడితో మాట్లాడక్కర్లేదు. ఒక కానీ కార్డు రాసి పడేస్తే చాలు. వస్తువు ఇంటికి వస్తుంది, వచ్చాకే డబ్బు. ఉప్పు డబ్బాలో, పోపు డబ్బాలో దాచుకున్న చిల్లర లెక్కపెట్టి పోస్టుమాన్ చేతిలో పోసిన ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో. గడప దాటడానికి వీల్లేని రోజుల్లో గడప దగ్గరికే వచ్చిన మొదటి సర్కారు కచేరి అది.

మదరాసు నుంచి మన వైపుకి రావడమే కాదు, మన ఊళ్ళ నుంచి వెళ్ళిందీ ఉంది. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు మన ఏలూరు నుంచే హిందూసుందరి అనే స్త్రీల పత్రిక మొదలుపెట్టారు. తర్వాత తర్వాత దాన్ని ఆడవాళ్ళే నడిపారు. భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి కథ ఆ ఏడే అందులో వచ్చింది. ఆవిడ బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. భర్త ఉద్యోగం వల్ల తెలుగు దేశానికి దూరంగా మధ్యపరగణాల్లో కాపురం. 1905లో, ముప్ఫయ్యేళ్ళు నిండీ నిండకుండానే పోయారు. ఆ కాస్త బతుకులో, అంత దూరాన కూర్చుని, తెలుగు ఆడవాళ్ళతో మాట్లాడగలిగారంటే మధ్యలో తపాలా సంచి ఉండబట్టే.

1928లో మదరాసులో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు గృహలక్ష్మి పత్రిక పెట్టారు. బాపట్లలో ఉండే కనుపర్తి వరలక్ష్మమ్మగారు అందులో శారద లేఖలు రాశారు. శారద అనే ఆవిడ తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలన్నమాట. శారదా చట్టం గురించీ, ఖద్దరు గురించీ, ఇంటి సంగతుల గురించీ ఎన్నో. వ్యాసాలు రాయొచ్చు కదా, ఉత్తరాలే ఎందుకు రాశారు? ఆడది ఒక మాట కాగితం మీద పెట్టిందంటే అప్పటికి అందరికీ తెలిసిన రూపం ఉత్తరమే అని నాకు అనిపిస్తుంది. చదువుతున్న ప్రతి ఆవిడా ఆ ఉత్తరం తనకే వచ్చిందనుకుని ఉంటుంది. బాపట్లలో రాసింది మదరాసు వెళ్ళి అచ్చయి, మళ్ళీ అదే రైల్లో వెనక్కి వచ్చి బాపట్లా, ఏలూరూ దాటి పల్లెలు చేరేది.

అన్నీ ముచ్చట్లే అనుకోకండి. ఉత్తరం ఎంత దూరం నుంచి వచ్చినా, దాన్ని చదివే కళ్ళు తనవి కాకపోతే ఆడదానికి దక్కేది సగమే. కార్డు అంటే ఊరంతా చదివేది. పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరం మామగారు అరుగు మీద పైకి చదివితే, కోడలు తలుపు చాటు నుంచి వినేది. జవాబు రాసేది కూడా వేరేవాళ్ళే. అమ్మా, నాకు ఇక్కడ బాగాలేదు అన్న మాట అలాంటి ఉత్తరంలో ఎలా పడుతుంది? ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అనే మాట వెనక ఎన్ని కడుపుకోతలు దాగాయో. అందుకే మా అమ్మమ్మ, కూతుళ్ళకి చదువెందుకని ఎవరన్నా అడిగితే ఒకటే అనేదిట: దాని ఉత్తరం అది చదువుకోడానికి. ఉద్యోగం మాట కాదు, పుణ్యం మాట కాదు. తన ఉత్తరం తను చదువుకోవడం. అంతే.

అమ్మమ్మది కొల్లేటి లంక ఊరు. నాలుగో తరగతి దాకా చదివింది. కాపురానికి వచ్చాక ఆవిడకి ఊళ్ళో పేరు లేదు. పెద్దకోడలు, లేకపోతే ఫలానా వారి ఆవిడ. పుట్టింటి ఉత్తరాల మీద కూడా తాతయ్య పేరే ఉండేది, గారికి అని. పత్రికకి చందా కట్టాక మాత్రం చుట్టిన కాగితం మీద ఆవిడ పేరు అచ్చులో వచ్చేదిట. పోస్టుమాన్ రేవులో దోనె దిగి, వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే, ఇంట్లోవాళ్ళకి ఎవర్నో అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టేదిట. ఈ మాట చెప్పినప్పుడల్లా ముసలావిడ నవ్వేది. పత్రికలో ఏం చదివిందో పెద్దగా గుర్తులేదు గానీ, ఆ పిలుపు మాత్రం పోయేదాకా గుర్తుంది.

మా అమ్మ కాలానికి పోస్టాఫీసు సేవింగ్స్ పుస్తకం వచ్చింది. నెలకింతని కట్టింది. ఇంట్లో ఆస్తి కాగితాలన్నిటిలోనూ అమ్మ పేరు ఉన్నది ఆ చిన్న పుస్తకం ఒక్కటే. దాన్ని ఇనప్పెట్టెలో పెట్టలేదు, చీరల మడతల్లో పెట్టుకుంది.

మళ్ళీ ఆ మేడ దగ్గరికి వద్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి మదరాసు మనకి పరాయి ఊరయింది. పత్రికలూ, అచ్చాపీసులూ మెల్లిమెల్లిగా బెజవాడకీ హైదరాబాదుకీ వచ్చేశాయి. 2000 అక్టోబరులో ఆ పోస్టాఫీసులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి లోపలంతా కాలిపోయింది. కూలగొట్టి కొత్తది కట్టేయకుండా, పాత గోడలు నిలబెట్టి బాగుచేసుకున్నారు. ఈ రోజుకీ అది పోస్టాఫీసే. మ్యూజియం చెయ్యలేదు, హోటలు చెయ్యలేదు. కౌంటర్ల దగ్గర జనం నిలబడే ఉంటారు. నూట నలభై ఏళ్ళ కిందట ఏ పనికి కట్టారో అదే పని చేస్తున్న మేడలు మన దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి?

ఇలాంటి భవనాల చరిత్ర చెప్పేటప్పుడు కట్టిన దొర పేరు చెబుతారు, బురుజుల ఎత్తు చెబుతారు. నేనూ చెప్పాను. కానీ ఆ గోడల మధ్యనుంచి వెళ్ళిన సంచుల్లో ఏం ఉందో చెప్పకపోతే ఆ చరిత్ర సగమే. ఆ మిగతా సగం మన అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉంది.

మీ ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఉంటే పారెయ్యకండి. విప్పి చూసేటప్పుడు లోపలి సంగతుల కంటే ముందు చిరునామా వైపు చూడండి. ఏ ఊరి ముద్రో, ఏ ఏడో చూడండి. ఎవరి పేరున వచ్చిందో చూడండి. మీ ఇంటి ఆడవాళ్ళలో ఎవరి పేరు మొదటిసారి ఒక కవరు మీద కనిపించిందో, అది ఏ సంవత్సరమో ఒక కాగితం మీద రాసి ఆ కట్టలోనే పెట్టండి. మీ తర్వాతి వాళ్ళకి ఆ తేదీ పనికొస్తుంది.