కనబడని నేరానికి కొలత ఏది?

భిలాయి తూకం తెలిసిన ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఆనాటి నుంచి అక్కడి ఉక్కుకు, రైలు పట్టాలకు టన్నుల్లో లెక్క ఉంది. 2023లో ఇదే ఊరి పేరు మరో రకం లెక్కల్లో దేశమంతా వినిపించింది. అదే ‘మహాదేవ్ ఆన్‌లైన్ బుక్’ బెట్టింగ్ కేసు.

ప్రధాన నిందితులుగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పేర్కొన్న ఇద్దరూ భిలాయి వారే. ఆ సంస్థ కథనం ప్రకారం ప్రధాన కార్యాలయం యు.ఏ.ఇ.లో ఉండేది. మన దేశంలోని ‘ప్యానెల్’ శాఖలను పరిచయస్తులకు 70–30 లాభాల వాటాపై అప్పగించేవారు. డబ్బు బినామీ ఖాతాల ద్వారా, హవాలా ద్వారా విదేశాలకు చేరేది. ఇవన్నీ ఆరోపణలు, తీర్పు వేరే విషయం.

ఇప్పుడు మూడు అంకెలు చూడండి. 2023 ఫిబ్రవరిలో యు.ఏ.ఇ.లో జరిగిన ఒక పెళ్లికి సుమారు 200 కోట్లు నగదుగా ఖర్చయ్యాయన్నారు. సెప్టెంబరులో 417 కోట్ల ఆస్తులను జప్తు లేదా స్తంభన చేశారు. నేరార్జన మొత్తం సుమారు 6,000 కోట్లని అంచనా వేశారు. ఏది అసలు పరిమాణం? మొదటిది ఖర్చు, రెండోది అధికారుల చేతికి చిక్కింది, మూడోది అంచనా. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చదగినవి కావు. పత్రికలు మాత్రం వేటినైనా పక్కపక్కన పెట్టేస్తాయి!

పందెం లెక్కలో మరో చిక్కు ఉంది. ఒకడు వంద రూపాయలు తెచ్చి గెలుస్తూ ఓడుతూ పదిసార్లు పందెం కాశాడనుకోండి. పుస్తకంలో వెయ్యి రూపాయల వ్యాపారం కనిపిస్తుంది. వాడు పోగొట్టుకోగలిగింది మాత్రం తెచ్చిన వందే. అలాగే ఖాతాల సంఖ్య మనుషుల సంఖ్య కాదు. తన పత్రాలతో తెరిచిన ఖాతాలో ఏం జరుగుతోందో ఎరగని కుర్రవాడూ అందులో ఉండవచ్చు.

కేసుల సంఖ్యనైనా నమ్మవచ్చా? ఛత్తీస్‌గఢ్ పోలీసులు ఒక కేసు పెట్టారు. విశాఖపట్నం పోలీసులు మరొకటి నమోదు చేశారు. రెండింటినీ ఈడీ తన దర్యాప్తులో చేర్చుకుంది. అలా ఎవరూ కలపకపోతే ఒకే వల రెండు రాష్ట్రాల రిజిస్టర్లలో రెండు చిల్లర నేరాలుగా మిగిలిపోయేది. 1867 నాటి జూద చట్టం మూలపాఠంలో జూదగృహం నడిపినవారికి శిక్ష 200 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు. చట్టం చిన్నదిగా చూసినదాన్ని రిజిస్టరు కూడా చిన్నదిగానే రాస్తుంది.

యూరప్‌కు ఈ ప్రశ్న పాతదే. ఇటలీలో 1982 నుంచి మాఫియా ముఠాలో సభ్యత్వమే నేరం. అలాంటి చట్టం లేని దేశంలో అదే మనిషి ఏ లెక్కలోకీ రాడు. 2007 ఆగస్టు 15న జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంటు ముందు ఆరుగురు హతులయ్యారు. కలాబ్రియాకు చెందిన ఎన్‌డ్రాంగెటా ముఠాల పగ అది. సామాన్య జర్మన్లు ఆ పేరును గట్టిగా విన్నది అప్పుడే. అంతకుముందు శవాలు పడలేదు గనుక ముఠా లేదనుకోవడం ఎంత పొరపాటో, ఆ రోజుతో అది హఠాత్తుగా పెరిగిందనుకోవడమూ అంతే పొరపాటు. హత్య జరిగిందంటే ముఠాలో తగవు వచ్చిందని అర్థం. వ్యాపారం సాఫీగా సాగిన ఏళ్లు రిజిస్టర్లలో ఖాళీగా ఉంటాయి.

మహాదేవ్ కేసులోనూ దుర్గ్, రాయపూర్‌లలో దొరికినవి శాఖల ఖాతాలు. లాభాలు పంచుకున్న అసలు పద్దు దుబాయి వైపున ఉండిపోయింది.