డాడ్జ్ ఛార్జర్ డేటోనా

అమెరికాకు చెందిన డాడ్జ్ 1969లో తెచ్చిన మజిల్ కారు (శక్తిమంతమైన ఇంజన్ ఉన్న కారు). అమ్మకాల లాభం కోసం కాదు, అమెరికా కార్ల రేసులైన నాస్కార్ పోటీల్లో ఫోర్డ్‌ను ఓడించడానికి పుట్టింది. రేసులో దిగాలంటే అదే మోడల్ కార్లు కనీసం 500 తయారుచేసి జనానికి అమ్మాలి. డాడ్జ్ చేసినవి 503. లెక్కకు మించి ఉదారత చూపలేదన్నమాట!

మామూలు ఛార్జర్‌లో లోపలికి ఒదిగిన గ్రిల్, వెనుక అద్దం చుట్టూ ఉన్న గుంట గాలిని పట్టేసేవి. వాటిని సరిచేసిన ఛార్జర్ 500 కూడా ఫోర్డ్ ముందు నిలవలేదు. దాంతో ఇంజినీర్లు కారు ముందు కోసుగా సాగిన రేకు ముక్కు, వెనుక 23 అంగుళాల ఎత్తు రెక్క బిగించారు. ముక్కు గాలిని చీలుస్తుంది. రెక్క వెనుక చక్రాలను రోడ్డుకు అదిమిపెడుతుంది. అందం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

రోడ్డు కార్లలో ఎక్కువ వాటికి 375 హార్స్‌పవర్ల 440 మాగ్నమ్ ఇంజన్ ఉండేది. 7 లీటర్ల (426 ఘనపు అంగుళాల) 426 హెమీ ఇంజన్ దక్కినవి 70 మాత్రమే.

1969 సెప్టెంబరులో టల్లడేగా ట్రాక్‌పై జరిగిన తొలి రేసును దీనితో రిచర్డ్ బ్రిక్‌హౌస్ గెలిచాడు. అయితే టైర్ల భద్రతపై అనుమానంతో పేరున్న డ్రైవర్లు చాలామంది ఆ రేసును బహిష్కరించారు. అసలు సత్తా 1970 మార్చి 24న బయటపడింది: అదే ట్రాక్‌పై పరీక్షా పరుగులో బడ్డీ బేకర్ గంటకు 200.447 మైళ్ల (సుమారు 322.6 కి.మీ.) వేగంతో ఒక ల్యాప్ పూర్తిచేశాడు. ఆ ఏడాది నాస్కార్ టైటిల్ డేటోనా నడిపిన బాబీ ఐజాక్‌దే.

1971లో ఇలాంటి రెక్కల కార్ల ఇంజన్ పరిమాణాన్ని నాస్కార్ 305 ఘనపు అంగుళాలకు కుదించింది. ఈ కార్లలో 426 హెమీకి అక్కడితో దారి మూసుకుపోయింది.