పునరుత్థానము, సమాధి, సమాధానము
(వసిష్ఠాతీర క్రైస్తవుల వాడుకలోని మూఁడు పదముల చరిత్రము)

వసిష్ఠ గోదావరి సముద్రమునఁ గలియుటకుఁ బూర్వము రెండు రేవుల నడుమఁ బాఱును. తూర్పుగట్టున సఖినేటిపల్లి, పడమటిగట్టున నర్సాపురము. సఖినేటిపల్లికి దిగువను నదీసాగరసంగమమున నంతర్వేది లక్ష్మీనృసింహక్షేత్రము వెలసియున్నది. ఆ క్షేత్రమాహాత్మ్యము పండితు లెల్ల రెఱిఁగినదే. అదే తీరమున నూటయెనుబదియేండ్లకుఁ బైఁబడి పెరిఁగిన మఱియొక విశ్వాసముయొక్క చరిత్రము మాత్రము పండితదృష్టి కంతగా రాలేదు. క్రీస్తు మృతులలోనుండి లేచెనను నమ్మిక దానికిఁ బ్రాణము. ఆ నమ్మిక సామాన్యజనులకు శాంతిని, ధైర్యమును నెట్లొసఁగెనో తెలిసికొనుటకు వారి వాడుకలోని మూఁడు సంస్కృతపదములు మంచి సాక్ష్యము.

1805 లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీసంఘమువారైన క్రాను, డెగ్రాంజి యను నిరువురు సువార్తలఁ దెనిఁగించుటకుఁ బూనిరి. బ్రాహ్మణకులమున జనించి క్రైస్తవుఁడైన ఆనందరాయరు డెగ్రాంజికిఁ దోడ్పడెను. డెగ్రాంజి 1810 లో మృతినొందెను. మూఁడు సువార్తలు 1812 లో శ్రీరామపురమున నచ్చుపడెను. గోదావరీముఖప్రాంతమున స్థిరబోధ కారంభము 1836. ఆ యేఁట ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ ప్రేరణమున ఇంగ్లాండునందలి డెవను మండలమునుండి విలియం బౌడెను, జార్జి బీరు సతీసమేతులై వచ్చి, మచిలీపట్టణముఁ జేరి, పిమ్మట నర్సాపురమున నిలిచిరి. బౌడెను రాతిపనివాఁడు, బీరు చెప్పులు కుట్టువాఁడు. వీరి కృషి గోదావరి డెల్టా మిషను అను పేరఁ బ్రసిద్ధి కెక్కెను. ఇట్టి బోధల నంగీకరించినవారిలోఁ బెక్కండ్రు ఆలయప్రవేశమునకును, బడిచదువునకును దూరముగా నుంపఁబడిన మాల మాదిగ కులములవారు. వారి నోటఁ బడిన సంస్కృతపదములు కొన్ని నూతనార్థప్రకాశమును బొందినవి.

మొదటిది పునరుత్థానము. దీనిని పునర్జన్మకుఁ బర్యాయముగాఁ గొందఱు గ్రహింతురు. వ్యుత్పత్తి దాని కొప్పుకొనదు. రేఫాంతమైన పునర్ అను నవ్యయముతో ఉత్థానశబ్దము కూడినది. ఉద్ అను నుపసర్గమునకుఁ బరమైన స్థాధాతువుయొక్క సకారము పూర్వసవర్ణమును బొందఁగా, ల్యుట్ ప్రత్యయాంతమై ఉత్థానమను రూపము సిద్ధించును. లేచి నిలుచుట యని యర్థము. కార్తికశుక్లమున విష్ణువు యోగనిద్రనుండి మేల్కొనుదినమును ఉత్థానైకాదశి యనుట లోకవిదితము. జన్మమునందు దేహము వేఱు, పేరు వేఱు, పూర్వస్మృతి నష్టము. ఉత్థానమునందు నిద్రించినవాఁడే లేచును. పోయిన బిడ్డ మఱియొకరి యింటఁ బుట్టునని కాక, ఆ బిడ్డయే లేచునని నమ్మిన తల్లి శోకమునకుఁ గలుగు నూఱట యీ భేదముననే యున్నది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటిలేఖ పదునైదవ యధ్యాయమున దీనికి విత్తనమును దృష్టాంతముగాఁ జూపెను. ఆకుమడిలోఁ జల్లిన విత్తనము రూపుచెడి మొలకయగుట కోనసీమ పాలేరు ఏఁటేఁటఁ జూచునదే. ఆ దృష్టాంతమునకు వానికి వ్యాఖ్యాత యక్కఱలేదు.

రెండవది సమాధి. ఇది యోగశాస్త్రమునఁ జిత్తైకాగ్రత. లోకమున యతులను దహింపక భూస్థాపితము చేసిన చోటికిని నీ పేరు చెల్లును. సామాన్యుని పూడ్చినది గొయ్యి. మహాత్ముని నుంచినది సమాధి. తెలుఁగు బైబిలు క్రీస్తు నుంచిన తావును సమాధి యనెను. ఆ పేరే క్రైస్తవకూలివాని గోతికిని వచ్చెను. బ్రదికియుండఁగా నూరివెలుపల నుంపఁబడినవానికి మరణానంతరము యతి కిచ్చు మాట దక్కుట చిన్న మార్పు గాదు.

మూఁడవది సమాధానము. తెలుఁగున దీనికి బదులు, ప్రత్యుత్తరము అను నర్థము రూఢము. కావున శాంతి యనవలసినచో బైబిలు సమాధాన మనుట చూచి పండితులు నవ్వుట కలదు. కాని సమాధి, సమాధానము ఏకధాతుజములు. సమ్, ఆఙ్ అను నుపసర్గములు రెంటికి సమానములు. ధా ధాతువు సమానము. కి ప్రత్యయము చేరఁగా సమాధి, ల్యుట్టు చేరఁగా సమాధానము. చెదరినదానిని చక్కఁగా నొకచోఁ గూర్చుట మూలార్థము. యోహాను సువార్త యిరువదవ యధ్యాయమున శిష్యులు భయముచేఁ దలుపులు మూసికొని యుండిరి. సమాధినుండి లేచిన క్రీస్తు వారిని సమాధానవచనముతోఁ బలుకరించెను. ఆ యధ్యాయమున నా పలుకు మూఁడుమాఱులు వచ్చును. రెండవమాఱు పలికినవెంటనే వారిని లోకములోనికిఁ బంపెను. సమాధానము ముందు, సాహసము పిమ్మట. చెదరిన చిత్తము కుదిరినవాఁడే ధీరుఁడు. ధీరుని భావమే ధైర్యము.

ఈ క్రమమును చరిత్రము సమర్థించుచున్నది. బీరు 1853 లో మరణించెను. చెలికాఁడు గతించినను బౌడెను ఈ డెల్టానే యంటిపెట్టుకొని 1876 లోఁ దానును మృతినొందెను. వారి సంతానము నా పనినే కొనసాగించెను. వారు నెలకొల్పిన సహోదరసమాజములలో ప్రతి యాదివారమును రొట్టె విఱిచి క్రీస్తు మరణమును స్మరించుట యాచారము. ఆదివారము క్రీస్తు లేచిన దినమగుటచే మరణస్మరణము ఉత్థానదినముననే జరుగుచున్నది.

1986 ఆగష్టు వఱదలలో గోదావరి గట్లు దాఁటెను. 1996 నవంబరు 6 నాఁటి తుపాను కోనసీమయందు వేయిమందికిఁ బైఁగా బలిగొని, కొబ్బరితోఁటలఁ గూల్చెను. విశ్వాసము నీటి నాపలేదు. క్రైస్తవులకొక మినహాయింపు నీయలేదు. మృతులఁ బూడ్చి మరల నారు పోయుటకు వలసిన బలమును మాత్ర మిచ్చెను.

మిషను తెలుఁగు వికృతమని త్రోసివేయు పండితుఁ డీ మూఁడుపదములను ధాతుపాఠముతో సరిచూచుకొనవలెను. శాస్త్రము చదువనివారు శాస్త్రసమ్మతమైన యర్థమును దుఃఖమునందుఁ బట్టుకొనిరి. సమాధియొద్ద సమాధానమును గనుఁగొనినవారి వాడుక, భాషాచరిత్రమునఁ జేర్పఁదగిన యధ్యాయము.