పని-సెలవు వీసాల లాటరీ

పని-సెలవు వీసాల లాటరీ అనగా, యువతీయువకులు పరాయి దేశంలో పరిమిత కాలం పర్యటిస్తూ, ఖర్చులకు అక్కడే పని చేసుకొనేందుకు ఇచ్చే వీసాలకు అభ్యర్థులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసే పద్ధతి. ఈ వీసాలను వర్కింగ్ హాలిడే వీసాలు అనీ, ఎంపిక పద్ధతిని బ్యాలట్ అనీ వ్యవహరిస్తారు. భారతీయ పాస్‌పోర్టు కలవారికి ఈ పద్ధతిలో యునైటెడ్ కింగ్‌డమ్ 2023 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి అవకాశం కల్పించాయి.

పేరు, స్వభావం

బ్యాలట్ అనే మాట మనకు ఎన్నికల ద్వారా పరిచయమైనది. ఇక్కడ దాని అర్థం ఓటు కాదు, చీటీ తీయడం. (చీటీపాటతో దీనికి సంబంధం లేదు.) చీటీ తీయడం మన పరిపాలనకు కొత్త కాదు. ఎన్నికలలో ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వచ్చినప్పుడు ఫలితాన్ని లాటరీ ద్వారా తేల్చాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం దుకాణాలను కేటాయించినదీ ఈ విధంగానే. వీసాల విషయంలో చీటీలకు బదులు కంప్యూటరు ఎంపిక చేస్తుంది.

తెలుగువారికి వీసా లాటరీ అనగానే గుర్తుకు వచ్చేది అమెరికా హెచ్-1బి. దానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఉంది. హెచ్-1బిలో ముందుగా ఉద్యోగమిచ్చే సంస్థ ఉండాలి, పేరు నమోదు చేయవలసినదీ ఆ సంస్థే. పని-సెలవు వీసాకు యజమానితో పని లేదు. అభ్యర్థి స్వయంగా నమోదు చేసుకొంటాడు, వెళ్ళిన తరువాత పని వెతుక్కొంటాడు. ఇందులో మార్కులకు, ర్యాంకులకు, సిఫారసులకు తావు లేదు. కనీస అర్హత ఉన్నవారందరూ కంప్యూటరు ముందు సమానులే. పరీక్షలకు అలవాటుపడిన మన విద్యార్థులకు ఇది కొంత వింతగా తోచవచ్చు.

ఆస్ట్రేలియా పద్ధతి

ఆస్ట్రేలియా 1975లో బ్రిటన్, ఐర్లండ్, కెనడా యువతతో ఈ వీసాలను ప్రారంభించింది. ఆ దేశాల వారికి లాటరీ లేదు. భారత్‌తో 2022 ఏప్రిల్ 2న సంతకాలు జరిగి, అదే సంవత్సరం డిసెంబరు 29న అమలులోకి వచ్చిన ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందంలో భాగంగా సంవత్సరానికి 1,000 మంది భారతీయులకు 462 తరగతి వీసా ఇవ్వడానికి అంగీకరించింది. స్థానాలు తక్కువ, ఆశావహులు ఎక్కువ కావడంతో భారత్, చైనా, వియత్నాం దేశాలకు లాటరీ పెట్టింది.

భారతీయులకు తొలి నమోదు 2024 అక్టోబరు 1 నుంచి 31 వరకు జరిగింది. నమోదు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు, అనగా నాటి మారకపు విలువ ప్రకారం సుమారు 1,400 రూపాయలు. పేరు రాకపోయినా ఈ సొమ్ము తిరిగి రాదు. పాస్‌పోర్టుతో పాటు పాన్ కార్డు కూడా ఉండాలి. వయస్సు 18 నుంచి 30 సంవత్సరాల మధ్య ఉండాలి. ఇంటర్మీడియట్ తరువాత కనీసం రెండేళ్ళ చదువు పూర్తిచేసి ఉండాలి. సాధారణ స్థాయి ఆంగ్ల పరిజ్ఞానానికి ఋజువు చూపాలి. ఐఇఎల్‌టిఎస్ పరీక్షలో సగటున 4.5 వస్తే ఇందుకు చాలు. చేతిలో సుమారు 5,000 డాలర్లు ఉన్నట్లు చూపవలసి ఉంటుంది.

పేరు వచ్చినంత మాత్రాన వీసా వచ్చినట్లు కాదు. దరఖాస్తు చేసుకొనే హక్కు మాత్రమే వచ్చినట్లు. కబురు అందిన 28 రోజులలో పత్రాలన్నిటితో అసలు దరఖాస్తు సమర్పించాలి. దాని రుసుము వేరు. వీసా గడువు 12 నెలలు. సాధారణంగా ఒకే యజమాని వద్ద ఆరు నెలలకు మించి పని చేయరాదు. నిర్దేశించిన ప్రాంతాలలో, నిర్దేశించిన పనులు మూడు నెలలు చేసినవారు రెండవ సంవత్సరానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

బ్రిటన్ పద్ధతి

బ్రిటన్ పథకం పేరు యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 2021 మే 4న రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన వలస, చలనశీలత భాగస్వామ్య అవగాహనా పత్రం దీనికి మూలం. తొలి లాటరీ 2023 ఫిబ్రవరి 28న తెరుచుకొన్నది. సంవత్సరానికి 3,000 స్థానాలు. నమోదు ఉచితం. వయస్సు 18-30 సంవత్సరాలు. డిగ్రీ తప్పనిసరి. బ్యాంకు ఖాతాలో 2,530 పౌండ్లు ఉండాలి. గడువు రెండేళ్ళు. ఎంపికైన తరువాత వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జీ కూడా ముందే కట్టాలి. నిజమైన భారం ఇదే. భార్యను లేదా భర్తను, పిల్లలను ఈ వీసా కింద తీసుకొని వెళ్ళడానికి వీలు లేదు.

అవకాశం ఎంత?

ఆస్ట్రేలియా తొలి లాటరీలో మొదటి రెండు వారాల్లోనే సుమారు 40,000 మంది నమోదు చేసుకొన్నట్లు ఆ దేశ సహాయ మంత్రి మాట్ థిసిల్‌త్‌వైట్ వెల్లడించారు. ఆ సంఖ్యనే తీసుకొన్నా 40 మందిలో ఒకరికి అవకాశం, అనగా ఒక తరగతి గదికి ఒక్కరు. నెలాఖరు వరకు చేరినవారిని కలిపితే ఇది ఇంకా తగ్గుతుంది.

సంభావ్యత చదివే విద్యార్థులకు ఇది మంచి లెక్క. ఒకసారి పేరు రాకపోవడానికి సంభావ్యత 39/40. ఇదే పోటీ ఉంటుందనుకొని, ఒక వ్యక్తి వరుసగా పదేళ్ళు నమోదు చేసుకొంటే ఒక్కసారి కూడా పేరు రాకపోవడానికి సంభావ్యత 39/40 ను పదిసార్లు గుణించగా సుమారు 0.78. పదేళ్ళు ప్రయత్నించినా నలుగురిలో ముగ్గురికి పైగా నిరాశే. నిరుడు రాలేదు కాబట్టి ఈ ఏడు తప్పక వస్తుందనుకోవడం పొరపాటు. ఈ లాటరీకి జ్ఞాపకశక్తి లేదు.

దళారులు

ఎంపిక యాదృచ్ఛికం కనుక దానిని ప్రభావితం చేయగల మధ్యవర్తి ఉండడానికి ఆస్కారం లేదు. ‘పేరు వచ్చేలా చూస్తాం’ అని డబ్బు తీసుకొనేవారు వందమంది దగ్గర తీసుకొంటే, అందులో ఇద్దరు ముగ్గురికి వారి ప్రమేయం లేకుండానే పేరు రావచ్చు. ఆ ఇద్దరు ముగ్గురిని చూపించి మరుసటి ఏడాది మరో వందమందిని చేర్చుకొంటారు. మోసం నడిచేది ఈ సులభమైన లెక్క మీదనే. విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చేవారు 1983 నాటి వలసల చట్టం ప్రకారం నమోదై ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అయితే లాటరీలో పేరు నమోదుకు అటువంటి ఏజెంటు కూడా అవసరం లేదు.

గురజాల వంటి ఊళ్ళ నుంచి

పల్నాడు జిల్లా గురజాలలో మిరప, పత్తి సాగుచేసే కుటుంబానికి నమోదు రుసుము లెక్కలోనిది కాదు. 5,000 డాలర్లు, అనగా 2024 నాటి విలువలో సుమారు 2,80,000 రూపాయలు చూపడం, పైన విమాన ఛార్జీలు భరించడం వేరు సంగతి. పేరు వచ్చిన తరువాత 28 రోజులలో ఇంత సొమ్ము సమకూర్చాలంటే వడ్డీకి తేవలసి రావచ్చు. కనుక నమోదుకు ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మేలు. ఇది ఏడాది వీసా అనీ, దానితోనే అక్కడ స్థిరపడే హక్కు రాదనీ కూడా పెద్దలకు చెప్పాలి.

మరొక చిక్కు పేర్లది. మన ఇంటిపేర్లు పదవ తరగతి ధ్రువపత్రంలో పొడి అక్షరాలుగాను, పాస్‌పోర్టులో పూర్తిగాను, పాన్ కార్డులో ఇంకొక విధంగాను ఉండడం సర్వసాధారణం. వీటిని ఒకే రీతిలోకి తెచ్చుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఈ పని లాటరీ ప్రకటన కోసం ఆగకుండా ముందుగానే చేసుకోవచ్చు.